అద్దం కింది గీతలు

డయల్ అద్దాన్ని తడిగుడ్డతో తుడిచి తెచ్చేవాళ్ల మీద ముప్పై ఏళ్లుగా అరుస్తున్నాను. పాత వాల్వు రేడియోల్లో స్టేషన్ల పేర్లు అద్దానికి లోపలివైపు ఉంటాయి. తడి తగిలితే చాలు, ఊడివస్తాయి. అలాంటిది, శ్రీరాంపూర్ పద్మలత తన తండ్రి రేడియోను తెచ్చి బాగుచేయమని ఇస్తే, నేనే ఆ అద్దాన్ని సబ్బునీళ్లతో కడిగాను. అద్దం తళతళలాడింది. పేరు ఒక్కటీ మిగల్లేదు.

మూడు రోజులు ఆమె ఫోన్ చేస్తుంటే నేను ఎత్తలేదు. నాలుగో రోజు ఆమే బస్సెక్కి కరీంనగర్ వచ్చి, నా దుకాణంలో నిలబడింది.

"తప్పయింది చెల్లె. అద్దం మీద పేర్లన్నీ పోయినయ్," అన్నాను.

ఆమె అద్దం వైపు చూడనే లేదు. రేడియో వేసి, వాల్వులు వేడెక్కేదాకా ఆగింది. అద్దం కింది చెక్కను వేలితో తడిమి, ఒక గీత దగ్గర ఆపి, ముల్లును అక్కడికి తిప్పింది. హైదరాబాద్ స్టేషన్ ఖంగుమంది.

"బాపుకు సదువు రాదన్నా. బొగ్గుబాయిల పనిచేసెటోడు. గా పేర్లు ఎన్నడు సదివిండు? మేకుతోటి గీ మూడు గీతలు గీసుకున్నడు. మొదటిది వార్తలకు, నడిమిది పాటలకు. ఆఖర్ది నేనేడిస్తే పెట్టెటోడు."

మూడు రోజుల తర్వాత నాకు హాయిగా ఊపిరాడింది.

ఉత్త గాట్లే అనుకుని, ఆ గీతలు పోయేదాకా చెక్కను రుద్దుదామని పొద్దున్నే తీసిపెట్టిన శాండ్ పేపర్ బల్ల మీదే ఉంది. ఆమె చూడకముందే దాన్ని స్టూలు మీదికి లాగి, దాని మీద కూర్చున్నాను.