కాగితం మీద లేని తిరగలి

తిరగలిని వీధిలోకి ఈడ్చుకొచ్చి పగలగొట్టినవాడు దొరగారి కావలివాడు. పగలగొట్టమన్న ఉత్తర్వు చదివి వినిపించింది మాత్రం బడి నడిపే అన్సెల్మ్ మాస్టారు.

కావలివాడికి చదువు రాదు. ఉత్తర్వు చదవనిదే సమ్మెట ఎత్తకూడదని కచేరీలో చెప్పి పంపారు. అందుకని దారిన పోతున్న మాస్టార్ని ఆపి, కాగితం చేతిలో పెట్టాడు. అన్సెల్మ్ టోపీ తీసి చంకలో పెట్టుకుని, గొంతు సవరించుకుని చదివాడు. వాల్‌బ్రూ గ్రామంలో ఏ ఇంటి గింజలైనా దొరగారి మరలోనే పట్టించాలి. ఇంట్లో తిరగలి ఉంచుకోవడం దొరగారి హక్కును దొంగిలించడమే.

ఆ చలికాలం ఏరు గడ్డకట్టి, ఐదు వారాలుగా దొరగారి మర తిరగడమే లేదు. జనం రై ధాన్యపు గింజలు ఉడకబెట్టుకు తింటున్నారు, పిల్లలు కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్నారు. విధవ పెర్రీన్ గడ్డివాములో దాచిన తాతలనాటి తిరగలి బయటికి తీసి, తన సందులోని పదకొండు ఇళ్ళకూ పిండి విసిరిపెట్టింది. అదీ ఆవిడ చేసిన దొంగతనం.

నాలుగు దెబ్బలకు పై రాయి రెండు చెక్కలైంది. పెర్రీన్ ఏడవలేదు.

"సరిగ్గానే చదివారా మాస్టారూ?" అని అడిగింది.

"సరిగ్గానే చదివానమ్మా."

"ఏం గొంతండీ మీది, చర్చి గంటలా ఖంగుమంటోంది," అన్నాడు కావలివాడు.

ఆ మెప్పుకి అన్సెల్మ్‌కి లోలోపల సంతోషం వేసింది. ఇంటికి వెళ్ళాక ఆ సంతోషమే గుర్తొచ్చి రొట్టె పక్కకి నెట్టేశాడు. సిగ్గేసింది. అలా సిగ్గుపడి ఊరుకోవడం చదువుకున్నవాళ్ళకి బాగా అలవాటు.

మార్చి నెలలో రాజుగారి ఉత్తరం వచ్చింది. ప్రతి ఊరివాళ్ళూ చర్చిలో కూడి, తమ కష్టాలన్నీ కాగితం మీద రాసి జిల్లా పట్నానికి పంపాలట. నూట డెబ్భై అయిదేళ్ళుగా ఏ రాజూ అడగని మాట అది. జనం మొదట నమ్మలేదు. తర్వాత వేరే మాటే లేదు ఊళ్ళో.

"రాసేది మన మాస్టారే. తిరగలి సంగతి ముందు పెట్టండి," అన్నాడు తాపీ పని చేసే కొలాస్. పెర్రీన్‌కి మరిది అతను.

"మొదటి ముక్క అదే," అని మాట ఇచ్చాడు అన్సెల్మ్.

సభకి ముందురోజు మధ్యాహ్నం దెలోర్మ్ బడికి వచ్చాడు. అతను దొరగారు నియమించిన న్యాయాధికారి, రేపటి సభకి పెద్ద. బెదిరించలేదు. పిల్లలు కూర్చునే బల్ల మీద కూర్చుని, జీవితంలో మొదటిసారి అన్సెల్మ్‌ని 'మీరు' అన్నాడు.

"మీరు చదువుకున్నవారు. రాజుగారికి తిరగలి గురించి రాస్తారా? నవ్వుతారు. నిరంకుశ పాలన గురించి రాయండి. సహజ హక్కుల గురించి రాయండి. ప్రజల సమ్మతి లేని అధికారం చెల్లదని రాయండి. దొరగారికీ ఇష్టమే అవి. ఆయన బీరువా నిండా ఆ పుస్తకాలే. కావాలంటే వచ్చి తీసుకెళ్ళి చదువుకోండి."

అన్సెల్మ్ చిరిగిన కరపత్రాలు దుప్పటి కింద దాచుకుని చదివినవాడు. ఆ బీరువా మాట వినగానే మెత్తబడిపోయాడు. ఆ సాయంత్రమే కూర్చుని ఏడు అంశాలు రాశాడు. మనిషి వివేకం గురించి, మానవజాతి గురించి, రాజుకీ ప్రజకీ మధ్య ఒప్పందం గురించి. రాస్తుంటే తన కళ్ళే చెమ్మగిల్లాయి. తిరగలి మాత్రం రాయలేదు. హక్కుల గురించి రాసి హక్కుని అమ్ముకున్నాడు, అదీ నాలుగు పుస్తకాలు చదవనిస్తారన్న ఆశతో.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చిలో నలభై మూడు మంది మగవాళ్ళు చేరారు. ఆడవాళ్ళు గుమ్మం దగ్గర నిలబడ్డారు. దెలోర్మ్ పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. అన్సెల్మ్ చదవడం మొదలుపెట్టాడు.

రెండో అంశం దగ్గర కొలాస్ ఆపాడు. "నిరంకుశం అంటే ఏంటి మాస్టారూ?"

"అడిగేవాడు లేని అధికారం."

"అంటే మన దొరగారి మర."

"కాదు కొలాస్, అది రాజ్యాల సంగతి."

"రాజ్యం ఎలా ఉంటుందో నేను చూళ్ళేదు. మర చూశాను," అన్నాడు కొలాస్. జనం నవ్వారు. దెలోర్మ్ కూడా మర్యాదకి నవ్వాడు.

ఏడు అంశాలూ అయిపోయాయి. జనం ఇంకా ఎదురు చూస్తున్నారు. తిరగలి ఎప్పుడొస్తుందా అని వాళ్ళ మొహాలు. ఆ మొహాలు చూసి అన్సెల్మ్ తట్టుకోలేకపోయాడు. కాగితం చేతిలో పట్టుకునే, అందులో లేనిది చదివాడు. "ఎనిమిది. ఇంట్లో తిరగలి పెట్టుకునే హక్కు ప్రతి మనిషికీ ఉండాలని, దొరగారి మరలోనే పట్టించాలన్న నియమం ఎత్తివేయాలని కోరుతున్నాం."

చర్చి హోరెత్తింది. కాగితంలో ఏడే ఉన్నాయని తెలిసిన దెలోర్మ్ తోడుదొంగని చూసినట్టు అన్సెల్మ్ వైపు చూసి, చిన్నగా నవ్వి, కలం అందించాడు.

సంతకాలు మొదలయ్యేలోగా గుమ్మం దగ్గర్నించి పెర్రీన్ నడిచి వచ్చింది.

"మాస్టారూ, నా తిరగలి ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి."

"నీకు చదవడం రాదు కదమ్మా."

"రాదు. మిగతావన్నీ కాగితం చూసి చదివారు. నా తిరగలి దగ్గరికొచ్చేసరికి కిటికీ వంక చూశారు."

అన్సెల్మ్ వేలు ఆఖరి వరుస మీద పెట్టాడు. ఆ వేలి కింద 'మానవజాతి' అని ఉంది. పెర్రీన్ ఆ మాట వంక చాలాసేపు చూసింది, చదివి అర్థం చేసుకుంటున్నట్టే.

"ఇక్కడుందా?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. "లేదమ్మా," అన్నాడు. "ఎక్కడా రాయలేదు."

ఒక్కసారిగా గోల లేచింది. బల్లలు జరిగాయి. ఎవరో అతని చొక్కా పట్టుకున్నారు. దెలోర్మ్ లేచి నిలబడ్డాడు. "ఆడదానికి ఈ సభలో మాట్లాడే అర్హత లేదు. రాసింది రాసినట్టే ఉంటుంది. సంతకాలు పెట్టండి."

"పుట్టుకతో అందరూ ఒకటేనని నాలుగో ముక్కలో ఇప్పుడే విన్నాం. మా వదిన పుట్టలేదాండీ?" అన్నాడు కొలాస్.

"సభ ముగిసింది. నా సంతకం లేని కాగితం పట్నంలో చెల్లదు," అని దెలోర్మ్ బల్ల మీదున్న తన ముద్ర తీసి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఎవరూ కదల్లేదు. అన్సెల్మ్ కాగితం చింపబోయాడు. పెర్రీన్ అతని చెయ్యి పట్టుకుంది.

"చింపకండి. మంచి మాటలే ఉన్నాయి అందులో. వాటి కింద మావి రాయండి."

"మళ్ళీ ఇతనితోనా? రాయడం వచ్చినవాడే కదా ముంచింది!" అన్నాడు కొలాస్.

"ఇంకెవరికొచ్చు రాయడం? చెప్పు. మనం చెబుదాం, అతను రాస్తాడు. ఒక్క మాట కూడా సొంతంగా వెయ్యడు."

అలా మొదలైంది. ఒకరు ఏరు గడ్డకట్టిన సంగతి చెప్పారు. ఒకరు పిల్లల కడుపునొప్పులు చెప్పారు. తల వంచుకుని రాసుకుంటూ పోయాడు అన్సెల్మ్. "కావలివాడు పగలగొట్టాడు, రాయండి," అంది పెర్రీన్. రాశాడు. "ఉత్తర్వు మా బడి మాస్టారే చదివి వినిపించాడు. అది కూడా రాయండి."

కలం ఆగింది.

"జరిగిందే కదా," అంది ఆవిడ, కోపం లేకుండా. అన్సెల్మ్ రాశాడు. అంత కష్టమైన వాక్యం అతను ఎన్నడూ రాయలేదు.

రాశాక పరీక్ష పెట్టారు. మూడో వరుస చదవమన్నారు. మొదటిది చదవమన్నారు. మళ్ళీ మూడోది. ఒక్క మాట తేడా వస్తుందేమోనని ఊరంతా చెవులు రిక్కించింది. పాతికేళ్ళు వాళ్ళ పిల్లల చేత పాఠాలు అప్పజెప్పించుకున్న మనిషి, ఆ రోజు వాళ్ళ ముందు నిలబడి పాఠం అప్పజెప్పాడు. తేడా రాలేదు. అప్పుడు ఒక్కొక్కరూ వచ్చి సంతకానికి బదులు శిలువ గుర్తు పెట్టారు. పెర్రీన్ కూడా పెట్టింది, ఎవరూ అడ్డు చెప్పలేదు.

"చెల్లదన్నాడుగా," అన్నాడు ఒక ముసలాయన.

"కాగితం చెల్లకపోతే నోరు చెల్లుతుంది. బట్టీ పట్టండి. ఇక కాగితంలో లేనిది మనకి ఎవడూ చదివి వినిపించలేడు," అంది పెర్రీన్.

ఇద్దరు ప్రతినిధులు వెళ్ళాల్సిన చోటికి ఊరంతా బయల్దేరింది. తెల్లవారుతూనే నడక మొదలుపెట్టి, దారి పొడవునా వల్లె వేశారు. తప్పు పలికినవాణ్ణి పక్కవాడు సరిదిద్దాడు. అన్సెల్మ్ అందరికన్నా వెనక నడిచాడు. రమ్మని ఎవరూ పిలవలేదు, వద్దనీ అనలేదు.

పట్నం కచేరీ ముందు ఇరవై ఊళ్ళ జనం ఉన్నారు. గుమాస్తా కాగితం తిప్పి చూశాడు.

"న్యాయాధికారి సంతకమేది? చెల్లదు. వెళ్ళండి."

"అయితే వినండి," అంది పెర్రీన్.

అలవాటు చొప్పున అన్సెల్మ్ కాగితం కోసం చెయ్యి చాచాడు. కొలాస్ దాన్ని మడిచి చొక్కాలో పెట్టుకున్నాడు. అప్పటికే ముందు వరుస అందుకుంది. వాల్‌బ్రూలో ఏరు గడ్డకట్టింది. మర ఆగింది. మా పిల్లలు గింజలు నమిలారు. గుమాస్తా చెవులు మూసుకున్నాడు. బంట్రోతులు బయటికి వచ్చారు. పక్క ఊళ్ళవాళ్ళు మాటలాపి ఇటు తిరిగారు. "మా ఊళ్ళోనూ మూడు తిరగళ్ళు పగలగొట్టారు, అదీ కలపండి," అని ఎవరో అరిచారు.

మాస్టారి వాక్యం దగ్గరికొచ్చేసరికి జనం గొంతులు తగ్గాయి. నలుగురి ముందు పాతికేళ్ళ పంతుల్ని అలా అనడానికి వాళ్ళకే మొహమాటమైంది. కొందరు ఆగిపోయారు. కొలాస్ నేల చూపులు చూశాడు.

ఆ మౌనంలో వెనకనుంచి ఒక్క గొంతు లేచింది. "ఉత్తర్వు మా బడి మాస్టారే చదివి వినిపించాడు," అన్నాడు అన్సెల్మ్, కచేరీ కిటికీలన్నిటికీ వినిపించేలా. బంట్రోతు ఒకడు వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. అతను తర్వాతి వాక్యం అందుకున్నాడు, ఊరు అతనితో కలిసింది.