పక్క వార్డు

కాళ్లు పోయిన మాజీ సైనికులు కూర్చుని ఆడే వాలీబాల్ పోటీలో, నెట్ అవతల తన పాత దళంలోని గన్నర్‌ను చూడగానే డ్రైవర్ తల దించుకున్నాడు. తొమ్మిదేళ్ల కిందట సరిహద్దులో డ్రైవర్ నడుపుతున్న సైనిక ట్రక్కు మందుపాతర మీదికి వెళ్లింది. అతనికి ఒక కాలు పోయింది. పక్కన కూర్చున్న గన్నర్‌కు రెండూ పోయాయి. ఆ తర్వాత ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో తెలియక డ్రైవర్ అతని గడప తొక్కలేదు.

ఇద్దరూ చేతుల మీద జరుగుతూ గంటసేపు బంతి కోసం పోరాడారు. గన్నర్ జట్టే గెలిచింది.

“ఏరా, ఇన్నాళ్లకు నా ఎదురుగా కూర్చోక తప్పలేదు!” అని నవ్వాడు గన్నర్.

“నన్ను క్షమించరా. ఆ దారిన పోనిచ్చింది నేనే.”

“పిచ్చోడా, మట్టి కింద ఏముందో నీకేం తెలుసు? దానికి నేనెప్పుడూ నిన్ను తిట్టుకోలేదు. కానీ ఆసుపత్రిలో నాలుగు నెలలు తలుపు వంకే చూశాన్రా. నువ్వు పక్క వార్డులోనే ఉన్నావని, కర్ర పట్టుకుని నడుస్తున్నావని నర్సు చెప్పింది. ఒక్కసారైనా రాలేదేం?”

రెండుసార్లు ఆ తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చేసిన సంగతి ఇప్పుడు చెప్పి ఏం లాభం అనుకున్నాడు డ్రైవర్.

జట్టువాళ్లు పిలవడంతో గన్నర్ అతని భుజం తట్టి, అటు జరుగుతూ వెళ్లిపోయాడు.