పెద్దక్షరాల చీటీ

పాస్టరుగారి లెక్కలో లోకంలో ఏదీ ఊరికే జరగదు. సముద్రం అవతల భూమి కంపించినా అది ఆయన ఆదివారం ప్రసంగం కోసమే. మంత్రి పదవి ఊడినా, వంతెన కూలినా, గోధుమల ధర పెరిగినా పేపర్లోంచి కత్తిరించి అట్టపెట్టెలో వేసుకుంటారు. శనివారం సాయంత్రం ఆ ముక్కలన్నీ మంచం మీద పరుచుకుని ఏది అంత్యదినాల గుర్తో, ఏది కాదో తేలుస్తారు. ఇంతవరకూ కాదని తేలింది ఒక్కటీ లేదు.

పేపరు చప్పగా ఉన్న వారం ఇంటి మీద పడతారు. కూతురు పరీక్ష తప్పిన సంగతి ఆమె స్నేహితురాళ్లకంటే ముందు సంఘానికి తెలిసింది. ఆయన భార్యను సంఘమంతా అమ్మగారు అంటుంది. ఆవిడ ఒకసారి పొయ్యి మీద పాలు మరిచిపోతే, మెలకువగా ఉండని విశ్వాసి గురించి ముప్పావుగంట వాయించారు. తల్లి పోయినప్పుడు ఆవిడ వంటింటి తలుపు వేసుకుని ఏడ్చింది. తరవాతి ఆదివారం ఆ తలుపూ, ఆ ఏడుపూ మైకులో వచ్చేశాయి. జనం కళ్లొత్తుకున్నారు. ముందు బెంచీలో అమ్మగారు చేతిసంచీ పిడి నలుపుతూ కూర్చుంది.

ఇంటి గుట్టు లంకకు చేటంటారు. ఈ ఇంట్లో గుట్టంటూ మిగిలితే కదా, చేటు సంగతి! కూతురు కొన్నాళ్లు "మైకులో రాదంటే చెప్తా నాన్నా" అని బేరం పెట్టి, తరవాత చెప్పడమే మానేసింది. పిల్లకు అణకువ వచ్చిందని పాస్టరుగారు సంతోషించారు. అది కూడా ఒక ప్రసంగమైంది.

రెండేళ్లుగా ఆయనకు చూపు మందగించింది. కళ్లజోడు పెట్టుకుని వేదికెక్కితే బడిపంతులులా కనిపిస్తానని బెంగ. అందుకని ప్రతి శనివారం అమ్మగారు ఆయన రాసిందంతా గీతల కాగితం మీద, ఒక్కో అక్షరం బొటనవేలంత చేసి, తిరగరాసి ఇస్తుంది. తన మీద వేసిన చురకల్ని కూడా ఒక్క మాట మార్చకుండా ఆవిడే రాస్తుంది. పాస్టరుగారికి అందులో వింతేమీ కనిపించలేదు.

ఈమధ్య తల్లీకూతుళ్లు మూడుసార్లు పొద్దున్నే బయటికి వెళ్లారు. ఎక్కడికని అడిగితే పని మీద అన్నారు. ఆయన అప్పుడొక యుద్ధంలో తలమునకలుగా ఉన్నారు. ఏ దేశపు సైన్యం ఏ నది దాటిందో గంటగంటకూ తెలుసు. ఇంట్లో ఆడవాళ్లు వీధి దాటి ఎటు వెళ్లారో మాత్రం మళ్లీ అడగలేదు.

ఆదివారం వచ్చింది. వారి సంఘంలో ప్రసంగానికి ముందు మనవుల పెట్టె తెరుస్తారు. ప్రార్థన కావలసినవాళ్లు పేరు రాయకుండా చీటీ వేస్తారు. చీటీలు ముందుగా చూడకూడదు, వేదిక మీదే విప్పి చదవాలి. ఎవరి గురించి చదివారో వాళ్లు ఇష్టమైతే లేచి నిలబడతారు. ఈ పద్ధతి పెట్టింది పాస్టరుగారే.

మొదటి చీటీని చెయ్యి బారజాపి పట్టుకుని చూసినా అక్షరాలు అలుక్కుపోయాయి. పక్క కుర్చీలో ఉన్న సంఘపెద్ద అందుకుని చదివాడు. రెండోదీ అంతే. మూడోది మాత్రం పాస్టరుగారు తడుముకోకుండా, గొంతు పెంచి తనే చదివారు.

"బుధవారం నాకు ఆపరేషన్. రొమ్ములో గడ్డ. భయం లేదని డాక్టరు అంటున్నారు, నాకు భయంగానే ఉంది. మా ఆయనకు చెప్పలేదు. చెప్తే అందరికీ చెప్పేస్తారు. ప్రార్థన చెయ్యండి."

పాస్టరుగారికి ఒళ్లు పులకరించింది. వారమంతా వెతికినా దొరకని వస్తువు కాళ్లదగ్గరికి వచ్చి పడింది. యుద్ధం ముక్క పక్కన పెట్టేశారు. అసలు యుద్ధాలు సరిహద్దుల్లో కాదు, ఇలాంటి ఇళ్లలో మొదలవుతాయన్నారు. ఆ భర్తను ఉతికి ఆరేశారు. భార్య నోరు విప్పడానికి జంకిందంటే వాడు ఎలాంటి మనిషో ఆలోచించమన్నారు. మామూలుగా ఈపాటికి నాలుగు మూలల నుంచీ ఆమేన్లు రావాలి. ఒక్కటీ రాలేదు. సంఘపెద్ద ఒకసారి చీటీ వైపు చూసి, తరవాత తన బూట్ల వైపే చూస్తూ ఉండిపోయాడు.

"పక్కనున్న మనిషి భయం కనిపెట్టలేనివాడు లోకానికేం చెప్తాడు?" అని పాస్టరుగారు బల్ల చరిచారు. "ఆ భర్త ఈ హాల్లో ఉంటే లేచి నిలబడాలి."

ఎవరూ లేవలేదు. ఇంకోసారి చదివి వినిపిద్దామని ఆయన చీటీ ఎత్తారు. ఈసారి చెయ్యి చాపలేదని అప్పుడు తెలిసింది. కళ్లజోడు జేబులోనే ఉంది. గీతల కాగితం, బొటనవేలంత అక్షరాలు. ఆయన కళ్లకోసం అంత పెద్దగా రాసే మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది.

తలెత్తి చూశారు. ముందు బెంచీలో కూతురు తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. అంత పెద్ద హాల్లో నిలబడి ఉన్న భర్త ఆయనొక్కరే.

సిగ్గుతో ఆయన చెవులు మండిపోయాయి. దానికంటే ఎక్కువగా భయం వేసింది. ఏళ్ల తరబడి భూకంపాల గురించి చెప్పిన మనిషికి కాళ్ల కింద నేల కదలడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. వేదిక దిగి ముందు బెంచీ దగ్గరికి వెళ్లారు. మైకు ఇంకా చేతిలోనే ఉంది.

"ఇది వచ్చే ఆదివారానికా?" అని అడిగింది అమ్మగారు. ఆ మాట హాలంతా వినిపించింది.

పాస్టరుగారు మైకు కట్టేశారు. తరవాత ఆయన ఆవిడతో ఏం చెప్పారో, రెండో బెంచీవాళ్లు ఎంత మెడలు చాచినా వినబడలేదు.