భోజనమయ్యాక చెప్పే మాట

ఎండుచేపను రెండు రోజులు నానబెట్టి, ముళ్లేరి, సాస్ విరగకుండా పొయ్యి దగ్గరే నిలబడి, టోర్బోర్ ఆఖరున బల్ల దగ్గర కూర్చునేసరికి ఆమె పళ్లెంలోది కాస్తా చల్లారిపోయింది. నార్వేలోని మా బెర్గెన్‌లో ఆ చలికాలం ఎవరింట విందైనా సరే, పిలుపు చీటీ అడుగున "కొత్త నాటకం ఊసెత్తవద్దని మనవి" అని రాయాల్సిందే. దాని మీద అంతగా కొట్టుకుంటున్నారు జనం. సెవెరిన్ కూడా భార్య టోర్బోర్ చేత అలాగే రాయించాడు. తీరా రెండో గ్లాసు దిగాక ఊసెత్తింది ఆయనే.

నాటకం ముగింపు ఊరంతటికీ తెలుసు. భార్యకు అన్యాయం చేసిన భర్త భోజనమయ్యాక లేచి, ఇక్కడి ఇళ్లన్నిటా వండినావిడకి చెప్పేదే, "భోజనానికి కృతజ్ఞతలు" అంటాడు. ఆనవాయితీ ప్రకారం బదులుగా భార్య "ఒంటికి పట్టాలి" అనాలి. అనదు. తెర పడిపోతుంది.

విందుకొచ్చిన పాస్టర్ గారు ఆ భార్యది పొగరని తేల్చేశారు. ఆవిడ మర్నాడు ఇల్లు విడిచిపోతుందేమోనని పాస్టరమ్మ అనబోయి, మొగుడి చూపు తగిలి ఆగింది.

"పోవడమేంటమ్మా, క్షమించేసింది," అని నవ్వాడు సెవెరిన్. "ఆడవాళ్లు నోరు మూసుకున్నారంటే కోపం పోయినట్టే. మా ఆవిణ్ణే చూడండి. వాళ్లమ్మ పియానో, దీనికి చెప్పకుండానే మా పెద్దసారు కూతురికి ఇచ్చేశాను. పల్లెత్తు మాటంటే ఒట్టు. అర్థం చేసుకుంది. ఏమంటావోయ్?"

టోర్బోర్ మనసులో లెక్కేసుకుంది. రెండేళ్లు. ఈ రెండేళ్లూ ఆ మౌనంతోనే ఈయన్ని కాల్చుకు తింటున్నాననుకుంది. గోడకి పియానో వదిలిన చార చూసినప్పుడల్లా సిగ్గుతో చితికిపోతున్నాడనుకుంది, అందుకే ఆ సంగతి ఎత్తడనుకుంది. ఈయనేమో హాయిగా తిన్నాడు, హాయిగా పడుకున్నాడు. ఆమె వంటలాగే ఆమె కోపాన్నీ ఆరగించేశాడు. శిక్ష పడింది తనొక్కదానికే. ఎంత పిచ్చిదాన్ని అనుకుంది.

కుర్చీలు జరిగాయి. ఒక్కొక్కరే వచ్చి చెయ్యి కలిపి కృతజ్ఞత చెబుతుంటే, ఒంటికి పట్టాలి, ఒంటికి పట్టాలి అంటూనే ఉంది. అందరి వెనకా సెవెరిన్ వచ్చాడు. నాటకంలో మొగుడిలా వంగి, కన్ను గీటి, చెయ్యి చాచాడు.

"భోజనానికి కృతజ్ఞతలు."

అందరూ ముసిముసిగా నవ్వుతూ చూస్తున్నారు. ఇప్పుడూ ఊరుకుంటే మళ్లీ క్షమించినట్టే.

టోర్బోర్ చెయ్యి ఇవ్వలేదు.

"ఆవిడ క్షమించలేదండీ," అంది. "నాకెలా తెలుసంటే, నేనూ క్షమించలేదు."