టాబ్లెట్‌లో మామిడి పండుం

సుక్మా ఆసుపత్రిలో పిల్లల వార్డు ఫిజియోథెరపిస్టు సునీతకు తన మామిడికాయల ఆట మీదున్నంత నమ్మకం మందుల మీద కూడా లేదు. టాబ్లెట్ ఎదుట నిలబడి చెయ్యి పైకెత్తితే చాలు, తెర మీది కాయ తెగి బుట్టలో పడుతుంది. మంచం దిగనని రాగం తీసే పిల్లలు సైతం పది కాయలకని మొదలెట్టి యాభై కోసేవాళ్ళు. ఆ గొప్ప ఆమె కనబడిన ప్రతి డాక్టరుకూ చెప్పేది. విని విని వాళ్ళు ఆమె కంటబడకుండా వేరే వసారాలోంచి చుట్టు తిరిగి వెళ్ళడం నేర్చుకున్నారు.

అలాంటి ఆటను ఎర్రబోరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఎనిమిదేళ్ళ హుంగే మూడు రోజులుగా ఆశగా చూడటమే గానీ చెయ్యెత్తడం లేదు. మరిగే జావ ఒలికి ఆ పిల్లకు చంక నుంచి మోచేతి దాకా కాలింది. పుండు మానుతూ చర్మం బిగుస్తోంది. ఇప్పుడు ఎత్తకపోతే ఆ చెయ్యి ఇక భుజం దాటి లేవదు. ఆ సంగతి తలుచుకుంటే సునీతకు అన్నం సయించడం లేదు.

"నొప్పా?" అని నాలుగో రోజు అడిగింది.

హుంగే తల అడ్డంగా ఊపింది.

"మరేంది? మొండితనమా?"

మంచం పక్కన కూర్చున్న అవ్వ భీమే గొంతు సవరించుకుంది. "పండుం కాలే మేడం, మా కొత్తకాయ పండుగ. మామిడి పండుం చేసి, పోయిన పెద్దలకు పెట్టేదాక మా ఊర్ల ఎవ్వరం కాయ తెంపం."

"అవ్వా, ఇది బొమ్మ కాయ!"

"బొమ్మదైతే, తెంపినరని పిల్లలకు చప్పట్లెందుకు కొడ్తున్నవ్? మేమొచ్చిన కాణ్నుంచి నువ్వూ తెంపుతనే ఉన్నవ్. ఏమన్న అన్నమా?"

సునీత చదివిన చదువులో ఈ పాఠం లేదు. చివరికి భీమేను నంబరడిగి, వాళ్ళ ఊళ్ళో పూజలు చేసే పెద్దాయన ఆయతుకు ఫోన్ కలిపింది. ఆయన అంతా విని, ఏమాత్రం తొందర పడకుండా "చెట్టెవరిది?" అన్నాడు.

"నాదే అనుకోండి."

"అంటే మా ఊరి హద్దుల లేదు. పండుం నువ్వే చెయ్యాలె బిడ్డా. మొదటి కాయ మీ ఇంట్ల పోయినోళ్ళకియ్యి, పేరు పెట్టి పిలువు. ఆనక పిల్ల తెంపుతది."

వార్డంతా చూస్తోంది. నర్సు పూనం నవ్వు ఆపుకుంటూ నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. భీమే కొంగుముడి విప్పి నాలుగు ఇప్పపూలు టాబ్లెట్ ముందు పెట్టింది. సునీత సిగ్గుపడుతూనే చెయ్యెత్తింది, కాయ తెగింది. ఇక పేరు చెప్పాలి. నిరుడు వానాకాలంలో తండ్రి పోయినప్పుడు, డ్యూటీ ఉందని ఏడవడానికైనా ఆగకుండా బస్సెక్కింది. అప్పటి నుంచి ఆ పేరు పైకి అనలేదు.

"మా నాయన, రామనర్సయ్య," అంది. ఇక ఏడుపు ఆగలేదు.

హుంగే మంచం దిగింది. పళ్ళు బిగబట్టి, చెయ్యి భుజం దాకా, చెవి దాకా, అక్కడ కాస్త ఆగి తల పైదాకా ఎత్తింది. కాయ బుట్టలో పడింది.

"ఇది గూడ మీ నాయనకే," అంది.

చెయ్యి ఎంత లేచిందో కొలవాల్సిన మనిషికి కన్నీళ్ళతో కళ్ళు కనబడటం లేదు. "ఇంకోటి తెంపు బిడ్డా," అని మాత్రం అనగలిగింది.