దున్నే వంతు

మధ్యాహ్నమైనా పొగమంచు విడలేదు. కిటికీ అవతల మొక్కజొన్న కోసేసిన చేను ఉందంటే ఉంది, లేదంటే లేదు. కిటికీ ఇవతల మాత్రం, టీవీ తెరమీద, ఎండ కాస్తోంది. నడుముకి ఆపరేషన్ అయిన త్యార్క్ సోఫాలో చేరగిలబడి ఆ ఎండలో ట్రాక్టరు తోలుకుంటున్నాడు. డాక్టరు అతన్ని ఎక్కనిచ్చింది ఈ వీడియో ఆటలో ట్రాక్టరు ఒక్కటే.

ఆటలోనూ వాటాలు అవే! నాగలి అతనిది, పైపైన మట్టి కదిలించే కల్టివేటర్ భార్య హిల్కెది. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆమె నాగలి ముట్టిందే లేదు. అసలు చేను దున్నడానికి కిరాయి మనిషిని పిలుస్తానని త్యార్క్ పొద్దున్నే అన్నాడు. "నేను దున్నుతా" అన్న మాట హిల్కె గొంతు దాటి రాలేదు.

మందుల మత్తుకి అతని కళ్లు మూతలు పడ్డాయి. కప్పులో వేడి టీకి కలకండ చిటపటమని పగులుతుంటే హిల్కె తెర వైపు చూసింది. మొక్కజొన్న కోసిన మడి దున్నాల్సిందే, లేకపోతే దిగుబడి పడిపోతుందని ఆట చెబుతోంది. ఆమె ఆటలోని తన ట్రాక్టరుకి కల్టివేటర్ విప్పేసి నాగలి తగిలించింది. నల్లమట్టి మెత్తగా తిరగబడుతోంది. ఎంతసేపు తోలిందో ఆమెకే తెలియదు. హాయిగా ఉంది, ఏడుపొచ్చేంత హాయిగా ఉంది.

"నా నాగలి ఎందుకు తీశావ్?" త్యార్క్ కళ్లు తెరిచాడు.

"మొక్కజొన్న చేనుకి కల్టివేటర్ సరిపోదట. ఆటే చెప్తోంది."

"ఆట చెప్తేగాని తెలీలేదా నీకు?"

"ఇరవై ఆరేళ్లుగా తెలుసు. నువ్వు దిగి చస్తేగా!"

త్యార్క్ తెరమీది నల్లమట్టి వైపు చూశాడు.

"నువ్వూ దున్నేస్తే ఇంక నాతో ఏం పని, హిల్కె?" అన్నాడు మెల్లగా.

"టీ పెట్టడానికి ఉండు. కిరాయి మనిషీ వద్దు, ఎవరూ వద్దు. నేను దున్నుతా."

ఆమె ట్రాక్టరు తాళంచెవి తీసుకుని పొగమంచులోకి నడిచింది.

మొదటి చాలు వంకరపోయింది. ఆటలో అయితే ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ అది వసంతం దాకా ఊరందరికీ కనబడుతుంది. రెండో చాలు కొంచెం నయం. గట్టు దగ్గర తిప్పుకుంటుంటే తెల్లటి మంచులో చేతికర్రల మీద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఆమె ట్రాక్టరు ఆపి తలుపు తీసింది.

"మళ్లీ నడుం విరగ్గొట్టుకుంటావా? లోపలికి పో!"

త్యార్క్ చాలు పొడవునా చూస్తున్నాడు.

"వంకర," అన్నాడు.

"తెలుసులే."

"ఇంకోటి వెయ్యి, హిల్కె. నువ్వు దున్నుతుంటే నేనెప్పుడూ చూళ్లేదు."