రెండు డబ్బాలు, ఒక లారీ

చెత్తదిబ్బకు నిప్పు పెడుతున్నది చెత్తబండ్లు తోసే ఆడవాళ్లేనట. పక్కింటి కుట్టుమిషను ఆవిడ చెప్పింది. ఆవిడకు మున్సిపాలిటీ గుమాస్తా భార్య చెప్పిందట, జాకెట్టుకు కొలతలిస్తూ. వదిన వినీ విననట్టు తలూపింది గానీ, ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

బండ్లు తోసేవాళ్లందరికీ ఆమె వదినే. ఊళ్లో పొగ తగ్గించి గాలి బాగుచేస్తామని మున్సిపాలిటీ చెప్పిన రోజు నుంచీ గడప గడపకూ తిరిగి, తిట్లు తిని మరీ, తడి చెత్తకో డబ్బా పొడి చెత్తకో డబ్బా అలవాటు చేసింది వీళ్లే. తీరా వీధి చివర కాంట్రాక్టరు లారీ ఆ రెండింటినీ ఒకే పొట్టలో పోసుకుపోతుంది. దిబ్బ మీద అదంతా తగలబడుతుంది. ఆ పొగ ముందు దూరేది దిబ్బ పక్కనున్న వీళ్ల ఇళ్లలోకే. ఇప్పుడు నిందా వీళ్లదే.

పంపు దగ్గర అందరూ కూడారు.

"మనల్ని దొంగల్ని చేసి పని లాక్కుంటారే. బ్యాటరీ బండ్లొస్తాయట. అవీ ఆ కాంట్రాక్టరువేనట," అంది పొట్టక్క.

"బ్యాటరీ బండ్లకు పొగ రాదుగా?"

"బండికి రాదు. దిబ్బకు?"

"మన ఎరువు గుంతల మాట ఎవరో కాంట్రాక్టరుకు మోస్తున్నారు," అంది వెనక నుంచి ఒకామె. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ తర్వాత చూపులన్నీ వదిన మీదికి తిరిగాయి. లారీ తోలేది ఆమె మరిది.

"నన్నేం చూస్తారు? వాడు నాతో సరిగ్గా మాట్లాడి ఎన్నాళ్లయిందో," అంది వదిన. అది నిజమే. చెప్పనిది ఇంకొకటుంది. ఉతకడానికి వేసిన వాడి చొక్కా డీజిల్ కంపు కొడుతోంది. లారీ తోలేవాడి దగ్గర అత్తరు వాసనొస్తుందా అనుకుని సరిపెట్టుకుంది. మరి చొక్కా చెయ్యి అంచు కాలి ఉండటమేమిటి?

మర్నాడు లారీ వచ్చినా ఎవరూ డబ్బాలు దించలేదు.

"పొయ్యండి వదినా. నా పొట్ట కొట్టకండి," అన్నాడు మరిది.

"కలిపి పొయ్యం. తడిది ఇక్కడే గుంత తీసి ఎరువు చేస్తాం. పొడిది పాత సామాను కొట్టుకు వేస్తాం. నీ లారీ దిబ్బదాకా తిరిగే పనే ఉండదు."

"అందుకేగా కాంట్రాక్టరు మీ మీద నింద..." అని నాలిక్కరుచుకున్నాడు మరిది.

బండ్లన్నీ మున్సిపాలిటీ ఆఫీసుకు కదిలాయి. వాటిని బయట వదిలి అందరూ లోపలికెళ్లారు. మీటింగు నడుస్తోంది. చైర్మన్ పక్క కుర్చీలో కాంట్రాక్టరు.

"ఎరువు గుంతలకు జాగా ఇవ్వండి. దిబ్బకు పోయేదే లేకపోతే కాలడానికేముంటుంది?" అంది వదిన.

"నిప్పు పెట్టేవాళ్లే నీతులు చెబుతారా?" అన్నాడు చైర్మన్. "పెట్టిందెవరో పేరు చెప్పండి. మిగతావాళ్ల పని ఉంటుంది. చెప్పకపోతే ఒక్కరికీ ఉండదు."

గుమ్మంలో పోలీసులు నిలబడ్డారు. పేరు వదిన నాలిక చివరే ఉంది. చెబితే ఇంటి మనిషి జైలుకి, చెప్పకపోతే ఇంతమంది రోడ్డు మీదికి.

"పెట్టింది నేను," అన్నాడు బండ్ల వెనకే వచ్చిన మరిది. లారీ తాళాలు తెచ్చి కాంట్రాక్టరు ముందు బల్ల మీద పెట్టాడు. "డీజిల్ డబ్బా చేతికిచ్చి పంపింది ఈయన. దిబ్బ కాలి ఖాళీ అయితేనే లారీకి మళ్లీ పోసే చోటుంటుందన్నాడు."

కాంట్రాక్టరు ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు.

"ఒప్పుకున్నాడుగా, తీసుకెళ్లండి," అన్నాడు చైర్మన్.

పోలీసులు కదిలేలోపే ఆడవాళ్లు మరిది చుట్టూ మూగి నిలబడ్డారు. నిన్న అనుమానంగా చూసినవాళ్లే అందరికంటే ముందున్నారు. వదిన చైర్మన్ ఎదురుగా వెళ్లి నిలబడింది.

"వాడు ఇద్దరి సంగతి చెప్పాడండీ. మీకు ఒక్కడిదే వినపడిందా?"